నెలకొక ఆదివారం: లినక్సు మిత్రుల కూడికలు
(సొసైటీ వార్షిక సభలో చదివిన ప్రసంగం)



"కంప్యూటరు విద్య, మన పిల్లలు" అనే విషయం మీద మాట్లాడమని సెక్రటరీ గారు మమ్మల్ని కోరారు. అది పెద్ద విషయం. దాని మీద మాట్లాడేవారు చాలామంది వున్నారు, ఏటేటా మాట్లాడుతూనే వున్నారు. మేము అందులోంచి ఒక చిన్న ముక్క మాత్రం తీసుకుంటున్నాము. మన పట్టణంలో నెలకొకసారి, రెండవ ఆదివారం ఉదయం, లినక్సు వాడేవారు కొందరు ఒకచోట చేరుతున్నారు. రెండేళ్ళుగా మేమూ పోతున్నాము. అక్కడ ఏం జరుగుతుందో, అది మనకెందుకు పనికివస్తుందో చెప్పి, చివర ఒక మనవి చేసుకుంటాము.

ఆ మనవి ఏమిటో ముందే చెప్పేస్తే మీకూ వినడం తేలిక. యీ కూడిక ఇన్నాళ్ళు ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడమీది గదిలో జరిగేది. ఆ భవనం చేతులు మారింది. ఇక ఆ గది దొరకదు. ఇటు మన ఎజెండాలో ఏడవ అంశం చూడండి: "వాడకంలో లేని కంప్యూటర్లు తొమ్మిది, అమ్మకమునకు అనుమతి." పాత సామాను కొనే ఆయన వచ్చి చూసి, కిలోల లెక్కన ధర చెప్పి పోయాడట. పనివచ్చిన మనుషులు గది కోసం తిరుగుతున్నారు. మన షాదీఖానా పక్కగదిలో యంత్రాలు ముసుగులు వేసుకుని కూర్చున్నాయి. యీ రెండింటినీ కలిపితే బాగుంటుందని మా ఉద్దేశం. ఏడవ అంశం మీద చేతులెత్తే ముందు యీ నాలుగు మాటలు వినండి.

లినక్సు అంటే ఏమిటో తెలియనివారి కోసం కొంచెం. కంప్యూటరుకు పెట్టె, తెర, మీటలు వుంటే చాలదు. వాటన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము ఒకటి కావాలి. దాన్నే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మనకందరికీ తెలిసినది విండోస్. లినక్సు ఇంకొకటి. 1991 ఆగస్టు 25న ఫిన్లాండు దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళవాడు, తాను సరదాకి ఒకటి తయారు చేసుకుంటున్నానని నలుగురికీ తెలియజేసి సలహాలు అడిగాడు. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పని ప్రకటించి వున్నాడు. ప్రోగ్రామును ఇష్టమొచ్చిన పనికి వాడుకోవడానికి, విప్పి చూసి నేర్చుకోవడానికి, మార్చుకోవడానికి, పక్కవాడికి పంచిపెట్టడానికి వాడేవాడికి హక్కు వుండాలని ఆయన పట్టుదల. యీ రెండు పనులూ కలిసినదే నేడు మనం లినక్సు అని పిలుస్తున్నది.

పెద్దలు మన హకీముల నుస్ఖాలు గుర్తు చేసుకోండి. కొందరు హకీములు మందు ఇచ్చేవారు, నుస్ఖా మాత్రం కన్నకొడుక్కైనా చెప్పకుండా కబరులోకి తీసుకుపోయేవారు. కొందరు చీటీ మీద రాసి చేతిలో పెట్టి, మూలికల దుకాణంలో కొనుక్కొని ఇంట్లోనే నూరుకోమనేవారు. లినక్సు రెండవ రకం హకీము చీటీ. చదవగలిగినవాడు చదువుకోవచ్చు, మోతాదు మార్చుకోవచ్చు, పొరుగింటికి రాసి ఇవ్వవచ్చు.

"సస్తా రోయే బార్ బార్" అని కమిటీలో ఒక పెద్దాయన అన్నారు. ఊరికే వచ్చే వస్తువు మీద అనుమానం న్యాయమే. కాని మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ లోపల లినక్సు మీదే నడుస్తున్నాయి. ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి వున్నవన్నీ లినక్సువే. కనుక గట్టితనం సంగతి మనం విచారించనక్కర లేదు. మన పనికి సరిపోతుందా, నేర్పేవాడెవడు, ఇదే అసలు ప్రశ్న.

యీ నేర్పేవాడి కోసమే కూడికలు పుట్టాయి. 1990లలో లినక్సును యంత్రంలో ఎక్కించడం మామూలు పని కాదు. ఇళ్ళలో ఇంటర్నెట్ లేదు, వున్నా నత్తనడక. మన దేశంలో పీసీ క్వెస్ట్ వంటి పత్రికలు సీడీలు జతచేసి అమ్మేవి. ఆ సీడీ ఒకరు కొంటే పదిమంది చేతులు మారేది. తెరమీద బొమ్మ రాకపోతే, శబ్దం పలకకపోతే అడగడానికి కంపెనీ లేదు, దుకాణదారు లేడు. ముందు తెలుసుకున్నవాడే తరువాతి వాడికి దిక్కు. అందుకే ఊరూరా బృందాలు లేచాయి. నెలకొకసారి "ఇన్‌స్టాల్ ఫెస్ట్" పెట్టుకుని, రిక్షాల్లో, ఆటోల్లో మానిటరు, పెట్టె వేసుకుని వచ్చి, సాయంత్రానికి లినక్సు ఎక్కించుకుని పోయేవారు. మద్రాసు బృందం వారు చాలాకాలం నెలనెలా రెండవ శనివారం ఐ.ఐ.టి. ఆవరణలో కలుసుకునేవారు. హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పలికే లినక్సు తయారు చేయడానికి పూనుకుని, ఇంజనీరింగు కాలేజీలలో గ్లగ్ అనే పేరుతో విద్యార్థి బృందాలు కట్టించింది. ఉబుంటు అనే లినక్సు వారు 2005 నుంచి 2011 వరకు అడిగినవారికి సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు. పోస్టుమాను కవరు ఇచ్చి "ఏం సార్, పరదేశం నుంచి" అని అడిగిన రోజులు మా ఈడువారికి గుర్తుంటాయి.

ఇప్పుడు ఎక్కించడం అరగంట పని. మరి ఇంకా కూడికలెందుకు అని మీరు అడగవచ్చు. మేమూ మొదట అదే అడిగాము. ఫోనులో వీడియో చూసి నేర్చుకోవచ్చు కదా అన్నాము. అక్కడ ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి వున్నారు, కూడికకు తాళంచెవి ఆయన దగ్గరే వుంటుంది. ఆయన అన్నారు: "మాస్టారూ, వీడియోలోవాడు మీ తెర చూడలేడు కదా." ఆ మాట మాకు నచ్చింది. పక్కన కూర్చుని పలకమీద వేలు పట్టి దిద్దించిన ఉస్తాదు దగ్గర చదువుకున్నవాళ్ళము గనుక వెంటనే అర్థమైంది.

కూడిక ఎలా వుంటుందో చెబుతాము. పదకొండుకు అంటే పదకొండున్నరకు మొదలవుతుంది, యీ విషయంలో వాళ్ళూ మనవాళ్ళే. కుర్చీలు గుండ్రంగా వేస్తారు. వేదిక లేదు, పూలదండ లేదు, ముఖ్య అతిథి లేడు. (మన సభలకు వచ్చేవారికి ఇది వింతగా తోచవచ్చు.) కొత్తగా వచ్చినవారు పేరు, పని, ఏం కావాలో చెప్పుకుంటారు. ఒకరు అరగంట ఏదైనా ఒక సంగతి వివరిస్తారు. ఒక నెల పాలిటెక్నిక్ లెక్చరరు గారు పాస్‌వర్డుల గురించి చెప్పారు. ఇంకో నెల మొబైల్ మరమ్మతు దుకాణం నడిపే కుర్రవాడు చెడిపోయిన హార్డు డిస్కులోంచి పెళ్ళి ఫోటోలు ఎలా బయటికి తీశాడో చేసి చూపించాడు. డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు లిబ్రె ఆఫీసులో మార్కుల పట్టిక ఎలా వేయాలో చెప్పారు. ఆ పట్టికే మా పాఠశాలలో ఇప్పుడు నడుస్తున్నది.

ఆ తరువాతి గంటే అసలు గంట. ఎవరి యంత్రం వాళ్ళు తెరుస్తారు, ఎవరి గోడు వాళ్ళు చెప్పుకుంటారు, తెలిసినవాడు వచ్చి పక్కన కూర్చుంటాడు. పని కాకపోతే కాలేదని ఒప్పుకుని వచ్చే నెలకు కాగితం మీద రాసి పెడతారు. అది ముగిశాక ఎదుటి హోటలు నుంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, టీ. ఖర్చు ఎవరి వాటా వాళ్ళది, విద్యార్థులది ఉద్యోగస్థులు భరిస్తారు. పడమటి దేశాలలో యీ బృందాలు మీటింగు కాగానే పబ్బుకు పోవడం వాడుక. మన దగ్గర బజ్జీలతో సరి. నిజం చెప్పాలంటే సగం చదువు యీ టీ దగ్గరే జరుగుతుంది. మీటింగులో నోరు విప్పని పిల్లవాడు బజ్జీ చేతిలో వుంటే సందేహం అడుగుతాడు. రంజాను నెలలో వచ్చిన కూడికకు మేము అడగకుండానే టీ మానేశారు. ఆ సంగతి ఇక్కడ చెప్పడం మా ధర్మం.

మాకు అక్కడ జరిగిన మేలు ఒకటి చెప్పాలి. ఉర్దూ ప్రశ్నపత్రాల సంగతి. మా పాఠశాలలో చిన్న తరగతుల పుస్తకాలన్నీ నస్తాలీక్ రాతలో వుంటాయి. అంటే అక్షరాలు కుడినుంచి మొదలై మెట్లు దిగినట్టు ఏటవాలుగా దిగుతాయి, ఒకదాని నెత్తిన ఒకటి కూర్చుంటాయి, చుక్కలు సందు చూసుకుని ఒదుగుతాయి. చేతితో రాస్తే ఎంత అందమో, యంత్రానికి అంత కష్టం. అందుకే ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబుల చేతిరాతతోనే అచ్చయ్యేవి. 1981లో పాకిస్తానులో మీర్జా అహ్మద్ జమీల్ గారి నూరీ నస్తాలీక్ వచ్చాకే, వేలకొద్దీ అక్షర కూటములను ముందుగా గీసిపెట్టుకుని, యంత్రం యీ రాతను అచ్చు వేయగలిగింది. ఆ తరువాత మన దేశంలోనూ ఉర్దూ కంపోజింగుకు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ వచ్చింది. అది డబ్బు పెట్టి కొనవలసినది. కొన్నవారు ఎందరో, దొంగ కాపీ వాడినవారు ఎందరో సభలో వున్నవారికి తెలుసు, మేము లెక్క తీయనక్కర లేదు.

దొంగ కాపీ లేకుండా ప్రశ్నపత్రం వేయాలంటే ఏం దారి అని మేము కూడికలో అడిగాము. మామూలుగా టైపు చేస్తే అరబ్బీ పుస్తకాల నస్ఖ్ రాత వస్తుంది. పెద్దవాళ్ళు చదువుతారు, నాలుగవ తరగతి పిల్లవాడు గుర్తుపట్టలేడు. మొబైల్ దుకాణం కుర్రవాడు నోటో నస్తాలీక్ ఉర్దూ అనే అక్షరాలను దింపాడు. 2014లో వచ్చినది, ఉచితం, ఎవరైనా పంచుకోవచ్చు. అక్షరాలు వచ్చాయి కాని వరసకూ వరసకూ మధ్య పై తలలు, కింది తోకలు ఒరుసుకున్నాయి. ఆ కుర్రవాడికి ఉర్దూ అలిఫ్ కూడా రాదు. తెరమీద ఒక్కో మాట చూపిస్తూ "సార్, ఇది సరిగ్గా కూర్చుందా? ఈ చుక్క పైమాటదా, కింది మాటదా?" అని మమ్మల్ని అడుగుతూ, వరసల ఎడం పెంచుతూ, పేజీ కుడి నుంచి మొదలయ్యేటట్టు దిద్దుతూ గంటన్నర కూర్చున్నాడు. లెక్కల పేపరులో ఉర్దూ వాక్యం కుడినుంచి, అంకెలు ఎడమనుంచి నడిచే చిక్కు వేరే. అదీ విప్పాడు. ఉర్దూ మాకు తెలుసు, యంత్రం అతనికి తెలుసు. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుంటే యీ పని అయ్యేది కాదు. పాత సాఫ్ట్‌వేరులో దాచుకున్న మా పదేళ్ళ ప్రశ్నపత్రాలు మాత్రం నేరుగా తెరుచుకోలేదు. వాటి అక్షరాల గుర్తులు వేరు, మార్పిడి చేసుకోవాలి. ఆ పని ఇంకా నడుస్తున్నది.

మాటల దగ్గరా ఇలాగే కూర్చోవలసి వస్తుంది. కంప్యూటరు తెరమీద వచ్చే మాటలను తెలుగులోకి, ఉర్దూలోకి మార్చడానికి యీ బృందాలవాళ్ళు అప్పుడప్పుడు రోజంతా కూర్చుంటారు. ఒక మాట మీద అరగంట వాదం. మాకు అది చూస్తే హైదరాబాదు దారుల్ తర్జుమా గుర్తుకు వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పై చదువులు చెప్పడానికి ముందే తర్జుమా శాఖ పెట్టి, రసాయన శాస్త్రానికీ, గణితానికీ ఉర్దూ మాటలు నిర్ణయించడానికి పండితులను, శాస్త్రం తెలిసినవారిని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. తెలుగులో ఫైలును ఏమనాలి అన్న చర్చలో ఒకరు దస్త్రం అన్నారు. తెలుగు వికీపీడియాలోనూ అదే మాట వాడుతున్నారు. "అది మీ కచేరీల పారసీ మాటే కదా మాస్టారూ" అని లెక్చరరు గారు నవ్వారు. నిజమే. మన తాతల దఫ్తరు మాట తిరిగి తిరిగి కంప్యూటరులో కూర్చుంది.

మనవాళ్ళకు తేలికగా అర్థమయ్యే ఆనవాయితీ వీళ్ళలో ఇంకొకటి వుంది. దూరదేశాలలో కూర్చుని కలిసి పనిచేసేవారు ఒకరినొకరు నమ్మడం ఎలా? ప్రతివాడికీ ఒక రహస్య తాళంచెవి, దానికి జతగా అందరికీ చూపే బహిరంగ తాళంచెవి వుంటాయి. యీ బహిరంగ తాళం ఫలానా మనిషిదే అని ఎవరు చెప్పాలి? అందుకు ముఖాముఖి కలుసుకుని, గుర్తింపు కార్డు చూసి, తాళపు గుర్తు అంకెలు చదివి సరిపోల్చుకుని, ఆ తరువాత సంతకం చేస్తారు. డెబియన్ అనే పెద్ద లినక్సు సంస్థలో కొత్తవాడు పూర్తి సభ్యుడు కావాలంటే మామూలుగా అంతకుముందే వున్న సభ్యుల సంతకం అతని తాళం మీద వుండాలంటారు. నికాహ్‌కు గవాహులు ఎదురుగా వుండాలంటాము కదా, అదే తరహా. 2023 సెప్టెంబరులో డెబియన్ వారి ప్రపంచ సమావేశం మన దేశంలోనే, కొచ్చిలో జరిగింది. ఎంత పెద్ద సమావేశమైనా యీ సంతకాల పని మనిషీ మనిషీ ఎదురుపడి చేసుకునేదే.

ఇక లోపాలు. మేము పొగడడానికి మాత్రమే రాలేదు. యీ కూడికల్లో కుర్రవాళ్ళకు ఒక జబ్బు వుంది. ఏ లినక్సు గొప్పది, ఉబుంటునా, ఫెడోరానా, అని వాదం మొదలైతే కొత్తగా వచ్చినవాడిని మరచిపోతారు. ఒకసారి కిరాణా దుకాణం ఆయన ఒకరు బిల్లుల సంగతి అడగవచ్చి, ముప్పావుగంట యీ వాదం విని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. రెండవది, బరువంతా ఇద్దరు ముగ్గురి మీదే వుంటుంది. వాళ్ళకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చిందంటే కూడిక అక్కడితో ఆగుతుంది. చాలా ఊళ్ళలో ఇలాగే ఆగాయి. మూడవది, తేదీలు మార్చడం. ఒక నెల తప్పితే సగంమంది పోతారు, రెండు నెలలు తప్పితే తాళం పడుతుంది. స్థిరమైన చోటు, స్థిరమైన రోజు, యీ రెండూ వుంటే మిగతావి సర్దుకుంటాయి. మన దగ్గర గది వుందంటున్నది అందుకే.

లినక్సుతో అన్ని పనులూ అవుతాయని కూడా మేము చెప్పము. టాలీలో లెక్కలు రాసుకునే వ్యాపారులు తొందరపడి మార్చవద్దు, అది విండోసు కోసం చేసినది. కొన్ని ప్రింటర్లు మొండికేస్తాయి. డిజిటల్ సంతకం పెట్టవలసిన పనులలో కొన్ని చోట్ల చిక్కు వస్తుంది. అలాంటి అవసరం వున్నవారు కూడికకు వచ్చి, పెన్‌డ్రైవు మీదనుంచే లినక్సు నడిపి చూసుకుని, తమ పని అవుతుందో లేదో తేల్చుకోవచ్చు. లోపలి విండోసు చెక్కుచెదరదు.

ఇప్పుడు మన తొమ్మిది యంత్రాలు. వాటిలో వున్నది విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి కంపెనీవారి మామూలు మద్దతు ముగిసింది. సొంతానికి వాడుకునేవారికి 2026 అక్టోబరు వరకు పొడిగింపు ఒకటి ప్రకటించారు, అది తాత్కాలికమే. విండోస్ 11 వేయాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు వుండాలి, కంపెనీ జాబితాలో వున్న ప్రాసెసరు వుండాలి. మన యంత్రాలు అంతకంటే పాతవి. మన ఒక్కరి సంగతే కాదు, ప్రపంచమంతటా మంచి యంత్రాలు ఇలా మూలపడుతున్నాయని, వాటిలో లినక్సు వేసి నడుపుకోమని ఐరోపాలో, ఇతర చోట్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒక ఉద్యమమే మొదలుపెట్టారు. మరమ్మతు చేసుకునే బృందాలతో కలిసి అక్కడివాళ్ళు యీ పని చేస్తున్నారు.

సెక్రటరీ గారి అనుమతితో పోయిన నెల ఆ బ్యాంకు ఉద్యోగిని, కుర్రవాడిని తీసుకువచ్చి తొమ్మిదింటినీ చూపించాము. ఏడు వెలిగాయి. ఆ ఏడింటిలో నాలుగేసి జి.బి. మెమొరీ వుంది. లినక్సు మింట్ వారు కనీసం రెండు, సుఖంగా నడవాలంటే నాలుగు వుండాలంటారు. అంటే మనవి సరిపోతాయి. ఒకదానిలో పెన్‌డ్రైవు పెట్టి నడిపి చూశాము. తెర, శబ్దం, ఇంటర్నెట్ అన్నీ పనిచేశాయి. హార్డు డిస్కులు నిదానం, వాటి బదులు చిన్న ఎస్.ఎస్.డి.లు వేయిస్తే మేలు. ధరల చీటీ కోశాధికారి గారికి ఇచ్చి వున్నాము. వెలగని రెండింటిలోని సామాను మిగతావాటికి విడిభాగాలుగా పనికివస్తుంది.

పిల్లలు అలవాటు పడతారా అన్న సందేహం వద్దు. కేరళ ప్రభుత్వ బడులలో ఏళ్ళ తరబడి లినక్సు మీదే పాఠాలు, పరీక్షలు నడుస్తున్నాయి. చిన్న పిల్లలకు జీకాంప్రి అనే ఆటల పెట్టె వుంది, ఫ్రెంచి భాషలో "నాకు అర్థమైంది" అనే మాట పలుకును బట్టి పెట్టిన పేరు. బొమ్మలు వేయడానికి టక్స్ పెయింట్ వుంది. మా మూడవ తరగతి పిల్లలకు దాన్ని ఒక్కసారి చూపించాము. గంట కొట్టినా లేవలేదు.

దొంగ కాపీల మాట మళ్ళీ ఒకసారి ఎత్తక తప్పదు. మన పిల్లలు ఫీజులు కట్టి నేర్చుకుంటున్న చాలా చోట్ల వుండేవి దొంగ కాపీలే. ఇంట్లో పిల్లవాడికి పరాయి సొమ్ము ముట్టవద్దని చెప్పి, కంప్యూటరు దగ్గర మాత్రం ఫరవాలేదంటే వాడు ఏం నేర్చుకుంటాడు? కొనుక్కునే స్తోమత వున్నవారు కొనుక్కోండి, అది సక్రమం. లేనివారికి లినక్సు వుంది. మూడవ దారి అక్కరలేదు. ఉపాధ్యాయులుగా యీ విషయంలో మేము మెత్తగా మాట్లాడలేము.

కమిటీలో వచ్చిన అభ్యంతరాలు మాకు తెలిశాయి. బయటివాళ్ళు, ముస్లిమేతరులు మన గదికి వస్తారు కదా అన్నారు. మన షాదీఖానాలో ప్రతి వలీమాకూ వాళ్ళు వచ్చి భోంచేసి దువా చేసి పోతూనే వున్నారు. చదువు చెప్పడానికి వస్తే మాత్రం ఎందుకు కాదనాలి? జొహర్ వేళకు మీటింగు ఆపుతారు, మస్జిదు పక్కనే వుంది. ఆడపిల్లల సంగతి అడిగారు. అది సరైన ప్రశ్నే. ప్రస్తుతం ఆ కూడికకు వచ్చే ఆడపిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. మేడమీది ఇరుకు మెట్లు, సాయంత్రం వేళలు, తెలియని మనుషులు, వీటివల్లే మన ఇళ్ళవాళ్ళు పంపలేదు. మన గది కింద వుంది, తలుపు వీధివైపు వుంది, వేళ పగలు. మా పాఠశాల ఉపాధ్యాయినులు ఇద్దరు వంతులవారీగా కూర్చుంటామని మాట ఇచ్చారు. ఇంటర్ ముగించి ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మాయిలు మన వార్డులోనే ఎందరున్నారో సర్వే చేసిన సభ్యులకు తెలుసు. వాళ్ళు నెలకు ఒక్క పూట బయటికి వచ్చి, డబ్బు కట్టకుండా, ఎవరి దయా లేకుండా ఒక పని నేర్చుకునే చోటు మన పట్టణంలో ఇంకొకటి లేదు.

ఇక సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగినవారికి: ఇవ్వరు. కాగితం కావలసినవారు కాలేజీకి పోవాలి. ఇక్కడ దొరికేది పని.

మేము అడుగుతున్నది ఇంతే. షాదీఖానా పక్కగది నెలలో రెండవ ఆదివారం ఉదయం పదకొండు నుంచి జొహర్ వరకు. పెళ్ళి బుకింగు వున్నా ఆ పక్కగది ఆ పూట మనదే అని రిజిస్టరులో ముందే రాసి పెట్టాలి. లేకపోతే మూడు నెలల్లో తేదీలు చెదిరిపోతాయి. ఏడవ అంశాన్ని ఒక ఏడాది వాయిదా వేయాలి. వచ్చే వార్షిక సభకు ఎన్ని కూడికలు జరిగాయో, ఎందరు వచ్చారో, అందులో ఆడపిల్లలెందరో హాజరు పుస్తకం మీ ముందు పెడతాము. చూసి, పనికిరాదనిపిస్తే అప్పుడు కిలోల లెక్కన అమ్మేయవచ్చు. పాత ఇనుము ధర ఏడాదిలో ఎక్కడికీ పోదు.

సభ ఒప్పుకుంటే వచ్చే నెల రెండవ ఆదివారమే మొదలు. ఇళ్ళలో మూలపడ్డ పాత లాప్‌టాపులు వున్నవారు చార్జరుతో సహా తీసుకురండి. వాటిలోని ఫోటోలు, పత్రాలు ముందుగానే పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని రండి. ఆ పని చేతకాకపోతే అలాగే తెండి, మొదట అదే చేసిపెడతారు. పిల్లలను పంపేవారు చిన్న నోటు పుస్తకం ఇచ్చి పంపండి. మొదటి నెల టీ, బజ్జీలు మా పాఠశాల ఉపాధ్యాయుల తరఫున. వస్సలాం.